అసలు గాటు

చెంప మీద పడ్డ దెబ్బకి గుమానారామ్ తలపాగా ఎగిరి రంపపు పొట్టులో పడింది.

"నా గుమ్మంలో నా పాగా పడగొట్టారు, థానేదార్ సా," అన్నాడు ముసలి వడ్రంగి, ఠాణా పెద్దకిచ్చే మర్యాద తప్పకుండానే. "మా నాన్న కూడా ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు."

"అల్లుడి మెడకు తాడు పడబోతుంటే నీకు తలపాగా గొడవా?" అన్నాడు వచ్చినవాడు. ఖాకీ ప్యాంటు, ఎర్ర బూట్లు, చేతిలో ఇత్తడి పొన్ను వేసిన కర్ర. "తలుపేది?"

గోనెపట్ట చుట్టి, లక్క ముద్ర వేసి, వెనక గోడకు ఆనించి ఉంది. మంగళవారం, అంటే ఈరోజు, ఆఫీసర్ వస్తారని, అందాకా ఎవరూ ముట్టుకోవద్దని ఠాణా నుంచి ఫోన్లో గట్టిగా చెప్పారు. ఆ సంగతి పేపర్లో కూడా పడింది.

వచ్చినవాడు బూటులోంచి కత్తి తీసి ముద్ర తెంచాడు. గోనె జారింది.

తలుపు చేసి రెండు నెలలే అయింది. చూస్తే రెండు వందల ఏళ్ల నాటిదిలా ఉంది. జోధ్‌పూర్‌లో గుమానారామ్ పనే అది. కొత్త చెక్కను గొలుసుతో బాదుతాడు. మేకులతో పొడుస్తాడు. యాసిడ్‌తో కాలుస్తాడు. పిడకల పొగ పెడతాడు.

జేఠ్‌మల్ ఊరి బయట కట్టిన కొత్త బంగ్లాకు అంతా ఈ అలంకారమే. రస్టిక్ అనేవాడు దాన్ని. హాల్లో గోడకు బండిచక్రం, చేతులు కడుక్కునే చోట తిరగలి రాయి, నెత్తిమీద చిత్రిక పట్టని దూలాలు. మిగిలింది సింహద్వారం ఒక్కటే. పోయిన శుక్రవారం మధ్యాహ్నం, పనివాళ్లు తిండికి వెళ్లిన సమయంలో, దాన్ని చూసుకోవడానికి ఇక్కడికి వచ్చాడు. ఈ తలుపు ముందే ఎవరో గొడ్డలితో నరికేశారు.

అల్లుడు కోజారామ్ గొడ్డలికి రక్తం ఉంది. అంతకు ముందురోజే, భార్య ధాపూ కొంగు పట్టుకున్నాడని, కోజారామ్ జేఠ్‌మల్ పీక పట్టుకున్నాడు. బజారంతా చూసింది. ఇంక పోలీసులకు వేరేవాళ్లతో పనేముంది?

"మొదటి వేటు తప్పింది," అన్నాడు వచ్చినవాడు తలుపును కర్రతో పొడుస్తూ. "జేఠ్‌మల్ పక్కకు వంగాడు. గొడ్డలి తలుపులో దిగింది. పీకి రెండోది వేస్తే మెడ సగం తెగింది. ఆ మొదటి వేటు ఇందులో ఎక్కడ? అన్నీ గాట్లే! కళ్లు పోతున్నాయి."

మజ్జిగ లోటాతో వచ్చిన ధాపూ ముసుగులోంచే అడిగింది. "ఆయన్ని కొడుతున్నారా?"

"కొట్టక హారతిస్తారా? పది గోళ్లలో రెండు మిగిలాయి."

లోటా జారి రాళ్ల మీద పడింది.

గుమానారామ్ వేళ్లు చెక్క మీద నడిచాయి. "ఇది గొలుసు. ఇది మేకు. ఇది నా ఉలి. మేం కొట్టేది అందానికి సా. ముందు కన్ను ఆగుతుంది, తర్వాతే చెయ్యి పడుతుంది. చంపడానికి కొట్టేవాడికి చెక్కతో పనిలేదు. ఏ నరం ఎటు పోతోందో చూడడు."

వేలు ఆగింది. "ఇదీ."

గాటు నున్నగా ఉంది, వెన్నలో కత్తి దిగినట్టు.

వచ్చినవాడు వంగి చాలాసేపు చూశాడు. తర్వాత కర్ర పక్కన పెట్టాడు. గొంతు తగ్గించాడు.

"కాకా, నాకూ కూతుళ్లున్నారు. ఈ గాటు కోర్టుకెళితే నీ అల్లుడికి ఉరే. గాటు దొరక్కపోతే కేసు నిలబడదు."

"అంటే?"

"నీ పని నేను నేర్పాలా?"

గుమానారామ్ కూతురి వైపు చూశాడు. అల్లుడే చంపాడని అతని మనసులో ఏ మూలో ఉంది. అది ఆమె కళ్లలోనూ కనిపించింది.

"ఆయన చంపాడో లేదో నాకు తెలీదు బాపూ," అంది ధాపూ. "నాకు మాత్రం ఆయన కావాలి. కొట్టు."

గుమానారామ్ గొలుసు అందుకున్నాడు.

మొదటి దెబ్బకు చెక్క కేక పెట్టినట్టయింది. తర్వాత లెక్క లేదు. జేఠ్‌మల్ మీద కోపం, ఖాకీ మీద కోపం, కూతురి కన్నీళ్లు, అన్నీ ఆ గొలుసులోనే దిగాయి. అరచేతులు చిట్లి నెత్తురు కారింది. ఉలితో గాటు అంచులు చీల్చాడు. యాసిడ్ పోశాడు. బుసబుసా పొంగింది. పొగ పెట్టాడు, మైనం రుద్దాడు. రెండు గంటల్లో ఆ గాటు ఎక్కడుందో చేసినవాడికే తెలియకుండా పోయింది.

వచ్చినవాడు గోనె మళ్లీ చుట్టించి, లక్క కరిగించి ముద్ర అతికించాడు.

"నేను రాలేదు. నువ్వు నన్ను చూడలేదు. నోరు జారితే నీకూ అదే గది."

బుల్లెట్ బండి సందు మలుపు తిరిగింది.

నాలుగు గంటలకు జీపు ఆగింది. యూనిఫాంలో ఒకామె దిగింది. వెనకే వచ్చిన కానిస్టేబుల్ చేతిలో, ప్లాస్టిక్ సంచిలో కోజారామ్ గొడ్డలి.

"రామ్ రామ్ కాకా సా, ఆలస్యమైంది. మీ అల్లుడు గట్టివాడే. ఎంత అడిగినా ఒకటే మాట. ఆ పొద్దున మేకు మీద కొట్టి గొడ్డలి అంచు విరగ్గొట్టాడట. మీరు తిడతారని దాచాడట. మేకూ దొరికింది, విరిగిన ముక్కా దొరికింది. దీంతో కొడితే, అంచు విరిగిన చోట చెక్క తెగక, గాటు మధ్యలో గీత లేవాలి. దీనికున్న రక్తం ఎవరో పూసినట్టుంది. గాటు నున్నగా ఉంటే కోజారామ్ రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాడు. ఏదీ, చూపించండి."

గుమానారామ్ చిట్లిన అరచేతులు వెనక్కి దాచుకున్నాడు.

"చెరిపెయ్యమన్నారుగా!" ధాపూ ముసుగు తీసి అరిచింది. "పొద్దున మీ థానేదార్ సా వచ్చి, దగ్గరుండి చెరిపించారుగా!"

యూనిఫాంలో ఉన్నామె ముద్ర వైపు చూసింది, ముసలివాడు దాచుకున్న చేతుల వైపు చూసింది, నెమ్మదిగా అంది.

"మా ఠాణాకి థానేదార్ని నేనే, చెల్లీ."