మూత మీది నంబరు

వార్డు ఆస్పత్రివాళ్ళు ఇంటికిచ్చిన, భర్త కణితి ముక్కలున్న ఇరవైనాలుగు గిన్నెల్లో, గిన్నెకొక జన్యువు నోరు మూయించే చుక్కలు వేసి, పైన అతని తెల్లకణాలు పోయడం హైమవతికి పొద్దున్నే కాఫీ కలిపినంత అలవాటైపోయింది. కణితి ఏ జన్యువు చాటున దాక్కుంటోందో దాని నోరు మూస్తే చాలు, తెల్లకణాలు కణితిని పట్టి తినేస్తాయి. ఆ గిన్నె తేటపడుతుంది. నెలరోజులైనా ఒక్కటీ తేటపడలేదు.

ఎదురింటి సుభాషిణి మొగుడిది మాత్రం మూడో రోజుకే తేటపడింది. అలా తేటపడినవాళ్ళు సున్నుండలు పంచి, డబ్బా మూత మీద తమ పేరూ ఆ జన్యువు నంబరూ రాసివ్వడం కాకినాడలో రివాజు.

"అన్నయ్యగారిదీ ఇలాంటి కణితే కదా వదినా, ఈ నంబరు వేసి చూడండి," అంటూ డబ్బా ఇచ్చింది సుభాషిణి.

"అలాగేనమ్మా," అంది హైమవతి. నిన్నగాక మొన్న గిన్నెలు తెచ్చుకుంది, అప్పుడే నాకు చెప్పొచ్చిందా! అనుకుంది లోపల. మూత వంక చూడకుండానే డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక్కి తోసేసింది.

పదిరోజులకు భర్త కామేశం మంచం పట్టాడు. అప్పుడు తీసింది డబ్బా. వార్డు ఆస్పత్రి నుంచి ఆ నంబరు చుక్కలు తెచ్చి వేసింది. మర్నాటికి గిన్నె కొబ్బరినీళ్ళలా మెరిసింది.

కామేశం మూత చూశాడు. "ఎదురింటావిడ నంబరా? వాళ్ళది తేటపడి పదిరోజులైందిగా! ఇన్నాళ్ళూ దాచుకుందా? ఎంత కుళ్ళే ఆవిడకి!"

హైమవతి అతని నోట్లో సున్నుండ పెట్టింది.

"పోన్లెండి," అంది, "ఇప్పటికైనా ఇచ్చింది."