ఆయన చెవుల్లో పాట

మా ఆయన పాటల ప్లేయర్ చేయి జారి కింద పడి పగిలింది. చేయి నాదే. కావాలనే జారింది.

"బాగు చేయించడం దండగ. కొత్తది కొనుక్కుంటాలే," అన్నారాయన.

"డబ్బులేమైనా చెట్లకు కాస్తున్నాయా?" అని దాన్ని లాక్కుని షాపుకెళ్లాను. పెళ్లయినప్పటి నుంచీ నేను నోరు తెరిస్తే చాలు, ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూరేవి. ఇక నా గోడంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. "ఇది బాగుపడదమ్మా" అనే మాట కోసమే వెళ్లాను.

మెకానిక్ విప్పి చూశాడు. "ఇప్పుడు పగిలింది పైడొప్పేనమ్మా. కానీ ఇది పాడక ఏళ్లయింది. బ్యాటరీ కారిపోయి లోపలంతా తుప్పు. బాగు చేయనా, కొత్తది ఇవ్వనా?"

నిన్నటిదాకా దీన్ని చెవులకు తగిలించుకునే, తలాడిస్తూ పాటకు తాళం వేశారే! అంటే, అన్నీ విన్నారన్నమాట.

"రెండూ వద్దు. డొప్ప అతికించి ఇవ్వు బాబూ."

ఇంటికొచ్చి ఆయన చేతిలో పెట్టాను. "బాగైపోయింది. వినండి."

ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మెల్లగా తలాడించడం మొదలుపెట్టారు.

నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. తిట్లు వాళ్లమ్మ దగ్గర్నుంచి ఎత్తుకున్నాను.

పాపం, ఆయన పాట ఆపలేకపోయారు.