డబుల్స్‌కి ఎవరి పేరు

"డబుల్స్‌లో నా పేరెందుకు కొట్టేశావమ్మా?" డ్రెస్సింగ్ రూమ్ గుమ్మంలోనే నిలబడి అడిగింది కూతురు.

దేశ మహిళల టెన్నిస్ జట్టును నడిపించేది తల్లే. ఈ పోటీలో రెండు దేశాలూ చెరో సింగిల్స్ మ్యాచ్ గెలిచాయి. ఇక తేల్చేది డబుల్స్. పొద్దున ఓడిన సింగిల్స్ కూతురిది.

"అలసిపోయావు. కొత్తమ్మాయి ఆడుతుందిలే."

"తను ఇంతవరకు దేశం తరఫున ఒక్క మ్యాచ్ ఆడలేదు. డబుల్స్ నాకు కొట్టినపిండి. నిజం చెప్పు."

తల్లి ఆమెను లోపలికి రమ్మని తలుపు దగ్గరగా వేసింది. "ఇదీ ఓడితే జనం నిన్ను దుమ్మెత్తిపోస్తారు. పొద్దుటి నుంచి ఫోన్లో ఎన్నేసి మాటలు రాస్తున్నారో చూశావా? ఇంక నేను చదవలేనే."

"మరి తను ఓడితే?"

తల్లి చేతిలోని పేర్ల కాగితాన్ని మడిచింది.

"తనకీ అమ్మ ఉంది కదా. పైన స్టాండ్లో కూర్చుని ఉంది."

తలుపు సందులోంచి, నడవా చివర కొత్తమ్మాయి షూ లేసు కట్టి, విప్పి, మళ్లీ కట్టుకోవడం కనబడింది. కూతురని ఏనాడూ వెనకేసుకు రాలేదని తల్లి నలుగురిలో గొప్పగా చెప్పుకునేది. ఇప్పుడు కూతురిని దాచడానికి ఇంకొకరి బిడ్డను ముందుకు తోసింది.

రిఫరీ పేర్ల కోసం వచ్చాడు. తల్లి కాగితం విప్పి, కొత్తమ్మాయి పేరు కొట్టేసి, పక్కన కూతురి పేరు రాసింది. తనే పెట్టిన ఆ పేరు రాయడానికి ఆమెకు ఎన్నడూ అంతసేపు పట్టలేదు.