నాచుదొంగ

మళ్ళీ పోయింది నాచు! గట్టు మీద నిలబడి పోలయ్య లబోదిబోమన్నాడు.

ఫ్యాక్టరీల మురికితో సిద్ధగోరా బస్తీ పక్క చెరువు నల్లబడిపోయింది. ముక్కు మూసుకోనిదే గట్టు దాటలేరు. అడుగున నాచుమొక్కలు పెంచితే నీళ్ళు తేటపడతాయని ఆఫీసువాళ్ళు నాటించారు. కాపలాకు పోలయ్యను పెట్టారు. రెండుసార్లు నాటితే రెండుసార్లూ మాయం.

"ఇంకోసారి పోతే నీ ఉద్యోగం కూడా పోయినట్టే!" అన్నారు ఆఫీసరు సీతారామరావు.

గమ్హరియా ఫ్యాక్టరీల గేట్ల ముందు ఏళ్ళ తరబడి పడిగాపులు కాస్తే దక్కిన ఉద్యోగమది. పోలయ్యకు ముద్ద దిగలేదు.

దొంగెవరో అతనికి తెలుసు. అసిరమ్మే! గట్టు కిందే పాక, పాకలో గేదెలు. చేతిలో కొడవలి, నెత్తిన తడి గంప. ఇంకేం కావాలి?

రోజూ తెల్లవారగానే గంగమ్మకు దండం పెట్టి, గుప్పెడు తవుడు నీళ్ళలో చల్లేవాడు. నీళ్ళు ఒక్కసారిగా కదిలేవి. తల్లి పలికిందని మురిసిపోయేవాడు. ఆపైన చెరువుకు వీపు పెట్టి, అసిరమ్మ పాక మీద కళ్ళు పెట్టి కూర్చునేవాడు.

ఒకనాడు గంపతో వెళ్తున్న ఆమెను ఆపేశాడు. "గంపలో ఏటున్నాదే?"

"గడ్డి. కళ్ళు కనబడవేటి?"

"నాచు నువ్వే కోత్తన్నావు. నాకెరికే!"

"ఓరి నాయనో! ఆ కంపునీళ్ళ నాచు నా గేదె ముట్టుకుంటాదేటి? ముట్టుకుంటే ఆ పాలు నువ్వు తాగుతావా?" అంటూ గంప బోర్లించింది. అంతా గట్టు మీది గడ్డే.

'ముందే దాచేసుంటాది, టక్కులాడి!' అనుకున్నాడు పోలయ్య. అనుమానం పెనుభూతం మరి.

మూడోసారి నాటే ముందు కూలీలు వల వేసి గుర్రపుడెక్క లాగుతున్నారు. సీతారామరావు గట్టు మీదే ఉన్నారు. ఇదే అదనని పోలయ్య అసిరమ్మను పిలుచుకొచ్చి నిలబెట్టాడు.

"ఇదే సార్ దొంగ!"

"అరే బాప్ రే! మఛ్లీ!" కూలీలు అరిచారు. వలలో మూరెడు చేప ఎగిరెగిరి పడుతోంది. దాని నోట్లోంచి పచ్చగా నాచు వేలాడుతోంది. అసిరమ్మ విసురుగా వెళ్ళి కొడవలితో పొట్ట చీల్చింది. పొట్ట నిండా నాచే.

"గడ్డిచేప!" సీతారామరావు తల పట్టుకున్నారు. "ఇవి ఈ చెరువులో పుట్టేవి కావు. ఎవడో తెచ్చి వదిలాడు. ఎవడా వెధవ?"

అసిరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని పోలయ్య వైపు చూసింది.

పోలయ్య మెల్లగా కూలీల వెనక్కి జరిగాడు. ఉద్యోగమొస్తే బతికున్న చేపపిల్లల్ని నీళ్ళలో వదులుతానని గంగమ్మకు మొక్కుకుని, డ్యూటీలో చేరిన రోజే, ఏ చేపలో అడక్కుండా కుండెడు కొని తెచ్చి వదిలింది తనే.