పదకొండో నంబరు జెర్సీ

"గోల్!" అని ఊర్మిళ ఎంత గట్టిగా అరిచిందంటే, పక్కనున్న జర్మన్ పెద్దాయన చేతిలోని కాఫీ సగం ఆయన బూట్లలోకి పోయింది. జర్మనీలోని ఆ వాల్డార్ఫ్ ఊరి స్టేషన్‌లో రైలు కూడా ఉలిక్కిపడి ఆగిందంటారు గాని, అది నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

గోలు కొట్టింది మాయ. పదిహేనేళ్ల పిల్ల. హాకీ కర్ర గాల్లోకి లేపి కంచె వైపు పరుగెత్తుకొచ్చింది. ఊర్మిళ పులిహోర డబ్బా స్నేహితురాలు గిరిజ ఒళ్లో పడేసి చేతులు చాచింది. మాయ ఆ చేతుల పక్కనుంచే దూసుకుపోయి, క్లబ్బు జాకెట్ వేసుకుని నించున్న బిర్గిట్ మెడకు చుట్టుకుంది.

చాచిన చేతుల్ని ఏం చేయాలో తోచక ఊర్మిళ జడ సరిచేసుకుంది.

"చూశావా గిరిజా? పులిహోర నాది, కౌగిలింత ఆవిడది!"

"ఆవిడ ఆరడుగుల మనిషి కదా, ముందు కనిపించి ఉంటుందిలే."

"అవును, నేను చీమని!"

ఊర్మిళ కుళ్లుకి తీగలు తగిలిస్తే ఊరంతటికీ కరెంటు ఇవ్వొచ్చు. దానికి కారణం లేకపోలేదు. మొగుడు చలపతి బ్లూ కార్డు వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, మాయ ఇంకా తడబడే అడుగుల పిల్ల. చెయ్యి పట్టి నడక నేర్పింది ఊర్మిళ. మాయ నోట వచ్చిన మొదటి మాట 'అమ్మ' అని, అదీ తన మొహం చూసే అన్నదని ఇప్పటికీ చెప్పుకుంటుంది. అనంతపురంలో హైస్కూలు రోజుల్లో జిల్లా జట్టుకి హాకీ ఆడిన మనిషాయె. నాలుగేళ్ల పిల్లకి వంటింట్లో చీపురు తిరగేసి పట్టించి, నిమ్మకాయని బంతి చేసి ఆడించింది. అలా కొట్టిన నిమ్మకాయ ఒకటి కిటికీలోంచి ఎగిరి, మూడు వీధుల అవతల మేయరుగారి సూపులో పడిందట. ఆయన రుచి బాగుందన్నాడట కూడా.

మరి బిర్గిట్? ఖరీదైన కర్ర కొనిచ్చింది. దూరపు మ్యాచులకి కార్లో తిప్పింది. పేపర్లో ఫొటో పడితే మాయ పక్కన పళ్లికిలిస్తూ బిర్గిటే.

"సాయంత్రం ఆరు కొట్టేసరికి ఠంచనుగా వచ్చి పిల్లని పట్టుకుపోతుందండీ," అని ఊర్మిళ ఎన్నిసార్లు మొగుడి దగ్గర వాపోయిందో.

"ఆవిడే లేకపోతే మాయ ఎక్కడిదే నీకు?" అని నవ్వేవాడు చలపతి.

"అంటే నేను చేసిందేం లేదా?"

"అనలేదు తల్లీ! కోపమంతా పప్పులో పడుతోంది, కాస్త ఉప్పు చూసి వెయ్యి."

ఇప్పుడు మాయ జర్మనీ అండర్-16 జట్టుకి ఎంపికైంది. వచ్చే వారమే వేరే ఊళ్లో క్రీడల హాస్టల్‌కి ప్రయాణం. ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. జాతీయ జట్టుకి వెళ్లే పిల్ల, తన క్లబ్బు జెర్సీని తనకి ఆట అంటించిన ఒకే ఒక్క మనిషికి అందరి ముందూ తొడగాలి. అది ఇవాళే. పిల్ల ఎలాగూ వెళ్లిపోతుంది, ఆ జెర్సీ అయినా తనకి మిగలాలని ఊర్మిళ వారం నుంచి నిద్ర లేకుండా ఉంది.

ఆట అయ్యాక మాయ వచ్చి, నించునే నాలుగు ముద్దలు పులిహోర తిన్నది.

"జెర్సీ ఎవరికిస్తున్నావే?" అంది ఊర్మిళ.

మాయ రహస్యమని జర్మన్‌లో చెప్పి, చెయ్యి కడుక్కోకుండానే పారిపోయింది. తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబివ్వడం దానికి మామూలే.

క్లబ్బు పెద్దాయన మైకు అందుకున్నాడు. బిర్గిట్ గబగబా జాకెట్ విప్పి చంకలో పెట్టుకుంది.

"చూడు గిరిజా, అప్పుడే తయారైపోయింది! ఎంత ధీమానో!"

"ఎండగా ఉంది ఊర్మిళా."

"మొన్నటిదాకా ఇంతకన్నా ఎండలో విప్పలేదు!"

కొత్త టీషర్టులో మాయ వచ్చింది. చేతిలో చెమటతో తడిసిన పదకొండో నంబరు జెర్సీ. తిన్నగా బిర్గిట్ వైపే నడిచింది. ఊర్మిళ తల దించుకుని డబ్బాకి మూత పెట్టసాగింది. మూత పడలేదు.

"అమ్మా, చేతులెత్తు!"

ఊర్మిళ తలెత్తేలోపే జెర్సీ ఆమె మెడలోకి దిగింది. మాయ మైకు లాక్కుని, చీపురు కథా నిమ్మకాయ కథా చెప్పేసింది. మేయరుగారి సూపుతో సహా. మైదానమంతా నవ్వి చప్పట్లు కొట్టింది.

బిర్గిట్ దగ్గరికొచ్చింది. ఇన్నేళ్లకి గెలిచాను కదా, ఒక్కసారి గర్వంగా చూద్దామనుకుంది ఊర్మిళ. తీరా చూస్తే ఆవిడ కళ్ల నిండా నీళ్లు. వంగి, ఊర్మిళ భుజం మీద జెర్సీ మడత సరిచేసింది.

"నిన్ను చూసి పద్నాలుగేళ్లుగా కుళ్లుకుంటున్నాను ఊర్మిళా."

"నువ్వా? నన్ను చూసా?"

"ప్రతి పొద్దునా ఉద్యోగానికి పోతూ నీ దగ్గర దింపడానికి తెస్తే, నీ గుమ్మం కనపడగానే మాయ నా చెయ్యి విదిలించుకుని పరుగెత్తేది. ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూడలేదు."



బిర్గిట్ మాయను కన్న తల్లి.