పూర్తయినవే చదవండి

“దెయ్యాల కథలు నావల్ల కాదు పంతులమ్మా. టైలరు చదవమన్నది ఫోన్‌లో తెరిచి నిన్న పట్టపగలే హాల్లో లైటు వేసుకున్నాను. ఇంకేదైనా మంచిది చెప్పండి,” అన్నాడు డ్రైవరు.

అవతలి మంచం మీంచి టైలరు పకపకా నవ్వాడు.

డయాలసిస్ గదిలో మూడు మంచాలు. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగు గంటలు. ఒక చేతికి సూదులు గుచ్చి కదలొద్దంటారు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన మనిషికి ఊరికే పడుకోవడం కంటే పెద్ద శిక్ష లేదు. అతని అవస్థ చూడలేక వెబ్‌కామిక్‌లు అలవాటు చేసింది పక్క మంచం మీది లెక్కల టీచరే. ఫోన్‌లో వేలితో పైకి తోస్తూ పోతే బొమ్మలే కథ చెబుతాయి. తర్వాత టైలరూ చేరాడు. నచ్చింది ఒకరికొకరు చెప్పుకోవడం, నచ్చకపోతే చెప్పినవాళ్లను దులిపేయడం. నాలుగు గంటలు ఇట్టే గడిచిపోయేవి.

పంతులమ్మది ఒకటే షరతు. “ఏదైనా చదవండి, పూర్తయినదే చదవండి. వారం వారం వచ్చేవాటి జోలికి పోకండి.”

రెండు నెలలు డ్రైవరు ఆ మాట దాటలేదు. ఒకరోజు బస్సు బొమ్మ కనబడేసరికి మాత్రం ఆగలేకపోయాడు.

“పంతులమ్మా, భలేది దొరికింది! బస్సుల్లో జనం మరిచిపోయిన సామాను దాచే గది. అందులో ఓ ముసలి గుమాస్తా. ఎవరో కుట్టుమిషన్ వదిలేసి దిగిపోయారు. దాని మనిషి కోసం ఊరూరా తిరుగుతుంటాడు. గురువారం గురువారం వస్తుంది.”

ఆమె ముఖం చిన్నబోయింది. “అది వద్దండీ. ఇప్పట్లో తెమిలేది కాదు.”

“మీరూ చదివారా?”

“చూశాను. అంత గొప్పగా ఏం లేదు.”

“అదేం మాట! ఒక్క డ్రైవరు బొమ్మే కుదరలేదు. మలుపులో స్టీరింగ్ అలా పట్టుకుంటే బస్సు కాలవలో ఉంటుంది.”

“మరెలా పట్టుకోవాలి?”

అతను ఖాళీ చేతిని గాల్లో తిప్పి చూపించాడు. ఆమె కన్నార్పకుండా చూసింది. అంతలోనే, “ఏదైనా, నా మాట విని మానేయండి. మధ్యలో ఆగిపోతే బాధపడతారు,” అంది.

డ్రైవరుకు చురుక్కుమంది. “కథ ఆగిపోతుందనా, నేను ఆగిపోతాననా మీ భయం? ఉన్నమాట అనండి. చివరిదాకా ఉండనని మీ లెక్క తేలిందా?”

ఆమె నోరు తెరిచేలోపే డ్రైవరు గోడవైపు తల తిప్పేసుకున్నాడు. రెండు వారాలు ఆమెతో మాట్లాడలేదు. టైలరు మధ్యలో పడి, “ఆవిడ మీ మంచికే అంది కదన్నా,” అని నచ్చజెప్పబోయినా వినలేదు. పంతం కొద్దీ గురువారం గురువారం ఆమెకు కనబడేలా అదే కథ చదివాడు.

చివరికి ఆమే కదిలించింది. ఆ పూట గొంతు పీలగా ఉంది.

“డ్రైవరు గారూ, ఆ కుట్టుమిషన్ మనిషి దొరుకుతుందంటారా?”

అతను బెట్టు చేద్దామనుకున్నాడు. కానీ కథ గురించి అడిగితే నోరు ఊరుకోలేదు.

“అంత బరువైనది ఎవరైనా మరిచిపోతారా? కావాలనే వదిలేసుంటుంది. దొరకకపోయినా ఫరవాలేదమ్మా. ముసలాయన వెతకడం మాత్రం మానకూడదు. మానేస్తే ఆయనకింక పొద్దున్నే లేవడానికి పనేముంది?”

పంతులమ్మ అతని వైపు తల తిప్పింది.

“బాగా చెప్పారు,” అంది మెల్లగా. “అలా నాకు తట్టనేలేదు.”

క్షమించమని అడగాలని అతనికి నోటిదాకా వచ్చింది. ఈసారి వచ్చినప్పుడు అడుగుదాంలే అనుకున్నాడు.

ఈసారి వచ్చేసరికి ఆ మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. నర్సు సూదులు గుచ్చుతూ, అతని వైపు చూడకుండానే, “పొద్దున్నే ఫోనొచ్చింది. పంతులమ్మ పోయారు,” అంది.

టైలరు ముఖానికి తువ్వాలు కప్పుకున్నాడు. ముందు పోయేది తనేనని లెక్కగట్టిందంటూ డ్రైవరు ఆమె మీద విరుచుకుపడ్డాడు. తను మిగిలాడు. ఆమె వెళ్లిపోయింది. రెండు వారాలు ఉత్తపుణ్యానికి మూతి ముడుచుకున్నాడే, ఆ రోజులు ఎవరు తిరిగిస్తారు?

గురువారం వచ్చింది. చదవబుద్ధి కాలేదు. అయినా వేలు అలవాటు కొద్దీ ఆ కథే తెరిచింది.

కొత్త భాగం లేదు. తెల్లటి పేజీలో రెండు ముక్కలున్నాయి: ‘ఈ కథ గీసే మనిషి ఇక లేరు. ఇక్కడితో ఆపేస్తున్నందుకు క్షమించండి.’

ఆమె అన్నంతా అయింది. వద్దంటే విన్నాను కాదు అనుకుంటూ, కళ్లు తుడుచుకుని పేజీ పైకి తోశాడు. కింద చిన్న ఫొటో వచ్చింది.

పంతులమ్మ నవ్వుతోంది.