గౌరి అడిగిన స్పెల్లింగు

నల్లబల్ల మీద ఆండాళ్ టీచరు టెలిగ్రాం ఫారం గీసింది. ఎవరికి, ఎక్కడికి, ఏమని, పంపేవారెవరు. నాలుగు గళ్లు.

1969. పలాస దగ్గర ఒక హైస్కూలు. పదకొండో తరగతి, ఎస్సెల్సీ.

"పరీచ్చలో ఇది రాదు కదండి?" అన్నాడు వెనక బెంచీ పోలారావు.

"రాదు. పరీక్ష అయిపోయాక వస్తుంది," అంది ఆండాళ్.

వారానికి ఒక ఇంగ్లీషు పీరియడులో ఆవిడ పాఠ్యపుస్తకం మూయించేది. దరఖాస్తు, మనియార్డరు ఫారం, డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పడం. ఈ పిల్లల్లో సగం మంది వచ్చే ఏడు కొబ్బరితోటల్లో కూలికి పోతారని ఆవిడకి తెలుసు.

"టెలిగ్రాంలో బతిమాలకండి. ఏం జరిగిందో రాయండి. ఎప్పుడు జరిగిందో రాయండి. అంతే."

మూడో బెంచీలోంచి గౌరి లేచింది.

ఉద్దానం పిల్ల. నిన్న, మంగళవారం పొద్దున్న, కొబ్బరికాయలు దింపిస్తున్న ఆమె తండ్రి తవిటయ్యని పోలీసులు జీపులో ఎక్కించుకుపోయారు. కొండల్లో తిరిగే నక్సలైట్లకి అన్నం పెట్టాడట.

క్లాసులో అందరికీ తెలుసు. ఎవరూ గౌరి వైపు చూడటం లేదు.

పోయిన నెల పక్క ఊళ్లో ఇలాగే ఇద్దర్ని తీసుకుపోయారు. నాలుగో రోజున పేపర్లో పడింది, కొండల్లో ఎదురుకాల్పుల్లో చనిపోయారని.

"టీచరుగోరండి, పేనాలతో అన్నదాన్ని ఇంగిలీసులో ఏటంటారండి?"

ఆండాళ్ వరండా వైపు చూసింది. ఎవరూ లేరు.

"ఎలైవ్."

"పెల్లింగు సెప్పండి."

ఆవిడ బల్ల మీద రాయలేదు. గౌరి దగ్గరికి వెళ్లి, వంగి, ఒక్కో అక్షరం చెప్పింది. ఏ. ఎల్. ఐ. వి. ఈ.

"కింద మన పేరు ఎయ్యాలాండి?"

"వేస్తేనే నమ్ముతారు."



శనివారం మూడో పీరియడులో ప్యూను వచ్చి ఆఫీసు గదికి రమ్మన్నాడు.

ఎస్సై కూర్చుని ఉన్నాడు. హెడ్మాస్టరు సూర్యారావుగారు తన గదిలో తానే నిలబడి ఉన్నారు.

బల్ల మీద టెలిగ్రాం నకలు. శ్రీకాకుళం కలెక్టరుకి వెళ్లింది. మా నాన్న తవిటయ్యని పోలీసులు మంగళవారం ఉదయం ప్రాణాలతో తీసుకెళ్లారు, ఊరంతా చూశాం. ఇంగ్లీషులో, ఒక్క తప్పు లేకుండా. కింద గౌరి పేరు, ఊరు.

"మనిషి ఎక్కడున్నాడని కలెక్టరుగారు అడుగుతున్నారు," అన్నాడు ఎస్సై. గొంతులో కోపం లేదు. అందుకే ఆండాళ్‌కి ఎక్కువ భయం వేసింది. "తీసుకెళ్లారని రాస్తే సరిపోయేది. ప్రాణాలతో అని రాయాలన్న తెలివి ఎవరిది?"

"మా టీచర్లు సిలబసు దాటరండి," అన్నారు సూర్యారావుగారు గబగబా.

"అయితే ఆ అమ్మాయినే పోలీసు కేంపుకి పిలిపించి అడుగుతాను."

 ఆండాళ్‌కి భర్త నరసింహమూర్తి గుర్తొచ్చాడు. టెక్కలి తాలూకాఫీసులో గుమస్తా. పోలీసు టోపీ కనిపిస్తే వీధి మారిపోయే మనిషి.

"నాది," అంది. "ఆ మాట నేనే చెప్పాను. ఆ పిల్లకి అర్థం కూడా తెలీదు."

ఎస్సై పెన్ను తీశాడు.

"మీ పేరు చెప్పండి. స్పెల్లింగుతో."

ఆవిడ చెప్పింది. రెండో అక్షరం తప్పింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అతను ఓపిగ్గా రాసుకున్నాడు.

ఇంట్లో నరసింహమూర్తి కంచం ముందు నుంచి లేచిపోయాడు.

"పుస్తకంలో ఉన్నది చెప్పుకుంటే పోయేదేటే? నా ఉద్యోగం మాటేటి? రేపు మనింటి ముందు జీపు ఆగితే ఎవరొస్తారు?"

ఆవిడ అతని కంచం మీద మూత పెట్టింది.

నాలుగు రోజులు ఎవరి కంచం వాళ్లే పెట్టుకుని తిన్నారు. రోడ్డు మీద జీపు చప్పుడైతే మాత్రం ఒకేసారి తలెత్తేవారు.

గురువారం ఆండాళ్ బడి నుంచి వచ్చేసరికి నరసింహమూర్తి ఇంట్లోనే ఉన్నాడు. ఇంకా ఆఫీసు వదిలే వేళ కాలేదు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది.

"కోర్టు దగ్గరికి వెళ్లాను," అన్నాడు.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"టెక్కలి కోర్టుకి తెచ్చారు. తవిటయ్యనే. ఒక కాలు ఈడుస్తున్నాడు. నడిచే లోపలికి వెళ్లాడు." పై గుండీ విప్పుకున్నాడు. "ఆ పిల్ల, తల్లీ మెట్ల దగ్గరున్నారు. గౌరి వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుంది. పోలీసులు ఏమీ అనలేదు."

ఆండాళ్ గోడకి ఆనుకుని అలాగే కిందికి కూర్చుండిపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

కొంగు తీసి అడిగింది. "మిమ్మల్నెవరైనా చూశారా?"

"ఎస్సై చూశాడు. నవ్వాడు."

"ఏమన్నాడు?"

"టీచరుగారు రోజూ ఏ దారిన వెళ్తారండీ, అని అడిగాడు."

నరసింహమూర్తి లేచి వీధి తలుపు గడియ పెట్టాడు. ఒకసారి లాగి చూశాడు. కుర్చీ తెచ్చి తలుపుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. 

"రేపు నేనూ వస్తాను," అన్నాడు తలుపు వైపే చూస్తూ. "బడి గేటు దాకా."